పెరటి కోళ్లకు నట్టల మందు పోయడం ఎట్లా

మేత బాగానే తింటుంది, ఎత్తి చూస్తే మాత్రం ఛాతీ ఎముక కత్తి అంచులా చేతికి తగులుతుంది. జుట్టు పాలిపోతుంది, గుడ్లు తగ్గుతాయి. నట్టలున్న కోడి లక్షణాలివి. ఇంట్లో కోడిని కోసిన రోజున పేగును పారేయకముందు, కందనకాయ దాటిన దగ్గర్నుంచి రెండు జానల పొడవు చీల్చి చూడండి. సేమ్యాలా తెల్లగా, రెండు మూడు అంగుళాల పురుగులుంటే అవి ఏలికపాములు. రెట్టలో బియ్యపు గింజల్లాంటి ముక్కలు కనిపిస్తే బద్దె పురుగులు. కోయకుండా తేల్చుకోవాలంటే తాజా రెట్టను చిన్న డబ్బాలో పశువుల దవాఖానకు పట్టుకుపోండి.

కోడిపిల్లల రెట్టలో రక్తం పడితే కాక్సిడియోసిస్ అనే పేగు రోగాన్ని అనుమానించాలి. పచ్చగా పారుతూ మెడ తిప్పుతుంటే కొక్కెర తెగులు కావచ్చు. వీటికి నట్టల మందు పనిచేయదు.

ఏలికపాములకు ఎక్కువగా వాడేది ఆల్బెండజోల్. 2.5 శాతం మందులో మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములుంటుంది. కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల లెక్కన కిలోన్నర పెట్టకు 0.6 మి.లీ., అరకిలో పిల్లకు 0.2 మి.లీ. చాలు. బద్దె పురుగులకు మోతాదు వేరు, డాక్టరును అడిగే పోయాలి. గొర్రెలకు పోయగా మిగిలిన సీసాను కోళ్లకు వాడటం మన ఊళ్లలో మామూలైపోయింది. అది 10 శాతం మందైతే అదే 0.6 మి.లీ.తో నాలుగింతలు లోపలికి పోతుంది. పైగా అందులో కార్జపు జలగ మందు కలిసి ఉన్నా ఉండొచ్చు. సీసా మీద అంకె చదవందే మూత తీయొద్దు.

పొద్దుగాల, కోళ్లు ఇంకా గంప కింద ఉండగానే పట్టండి. ఒక్కోదాన్ని సంచిలో పెట్టి స్ప్రింగు త్రాసుతో తూచండి. సీసాను బాగా ఊపండి, మందు అడుగున పేరుకుంటుంది. సూది తీసేసిన 2 మి.లీ. సిరంజిలోకి తీసుకోండి. కోడి నోరు తెరిస్తే నాలుక మొదట్లో చిన్న చీలిక తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తుంది. అది గాలి పోయే దారి. మందు అందులో పడితే కోడి ఉక్కిరిబిక్కిరై చావొచ్చు. నోటి పక్కనుంచి, మింగనిస్తూ, చుక్కచుక్కగా పోయండి.

నీళ్లలో కలిపి పెడితే తేలిక కదా అంటారు. ఆల్బెండజోల్ నీళ్లలో కరగదు, అడుగుకు దిగుతుంది. పైగా బలమైన పుంజు కడుపునిండా తాగుతుంది, మూలకు ముడుచుకున్న పెట్ట ముట్టదు. మందు కావాల్సింది దానికే. నీళ్లలో ఇచ్చేందుకు పైపరజీన్ ఉంది కానీ, అది ఏలికపాముల్లో ఎదిగినవాటినే దెబ్బతీస్తుంది.

మందు పోశాక మూడు రోజులు కోళ్లను వదలకండి. పడిన పురుగులను, రెట్టను రోజూ ఊడ్చి లోతైన గుంతలో పూడ్చండి. పెంటకుప్ప మీద పోస్తే కోళ్లు మళ్లీ అక్కడే గీరుతాయి. పురుగు గుడ్డు తడి నేలలో రెండు మూడు వారాల్లో పక్వమై, నెలల తరబడి బతుకుతుంది. నీళ్ల కుండ కింద ఎప్పుడూ నానుతుండే చోటే ఎక్కువ ప్రమాదం. కుండను ఇటుకల మీదికి ఎత్తి, నాలుగు రోజులకోసారి చోటు మార్చండి. సున్నం ఒక్కటే చల్లి ఊరుకుంటే లాభం లేదు. గూట్లో పొడి ఊక పరిచి, ఎండ తగలనివ్వండి.

మూడు వారాలకు ఇంకోసారి పోయాలి, పేగు గోడలో దాగిన పిల్ల పురుగులు మొదటిసారి తప్పించుకోవచ్చు. ఏడాదిలో మృగశిర వానలకు ముందొకసారి, వానలు తగ్గాక అక్టోబరులో ఇంకోసారి పోస్తే మంచిది. టీకా ఉంటే వారం పది రోజుల ముందే మందు కానివ్వండి.

గుడ్లు, మాంసం ఎన్ని రోజులు తినకూడదో సీసా మీద చూడండి. అక్కడ లేకుంటే డాక్టరును అడగండి, కనీసం రెండు వారాలు ఆగండి. ఆ గుడ్లను పొదగేయొద్దు. గర్భిణులు ఈ మందును ముట్టుకోవద్దు.