డెస్క్ ఫోన్‌లో కావలసిన కాల్ మాత్రమే రికార్డ్ చేయడం ఎలా?

"అన్ని కాల్సూ రికార్డ్ చేసేయండి, తర్వాత చూసుకుందాం" అంటారు ఓనర్లు. తర్వాత ఎవరూ చూడరు, డిస్క్ మాత్రం నిండుతుంది. వేవ్ ఫార్మాట్‌లో నిమిషానికి దాదాపు 1 ఎంబీ పోతుంది. అందుకే నేను బటన్ నొక్కితేనే రికార్డయ్యే పద్ధతి పెడతాను. ఫ్రీపీబీఎక్స్ (ఆఫీసు ఫోన్లను నడిపే సాఫ్ట్‌వేర్) సర్వర్, యీలింక్ కంపెనీ ఫోన్లు ఉన్నచోట ఇలా చేయండి.

సర్వర్ పని ఐదు నిమిషాలు. ఎక్స్‌టెన్షన్ (ఆ ఫోన్‌కి ఇచ్చిన లోపలి నంబరు) తెరిచి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో నాలుగు రకాల కాల్స్‌కీ 'డోంట్ కేర్' పెట్టండి. ఆన్ డిమాండ్ రికార్డింగ్‌ను 'ఎనేబుల్' చేయండి. పైన 'ఫోర్స్' గానీ 'నెవర్' గానీ ఉంటే బటన్ మాట చెల్లదు, అప్పుడు 'ఓవర్‌రైడ్' కావాలి. ఫీచర్ కోడ్స్‌లో *1 (కాల్ మధ్యలో రికార్డింగ్ మొదలుపెట్టే, ఆపే కోడ్) ఆన్‌లో ఉందో లేదో చూసి, సబ్‌మిట్ చేసి, అప్లై కాన్ఫిగ్ నొక్కండి. ఈ చివరిది మర్చిపోయి నాకు ఫోన్ చేసినవాళ్లు ఎంతమందో!

ఇక అందరూ పాడుచేసే చోటు, ఫోన్ మీది బటన్. ఫోన్‌లో ఓకే నొక్కితే ఐపీ అడ్రస్ కనిపిస్తుంది. దాన్ని బ్రౌజర్‌లో కొట్టి, డీఎస్ఎస్ కీ పేజీలో (ఫోన్ బటన్లకు పనులు అప్పగించేది ఇక్కడే) ఒక లైన్ కీ ఎంచుకోండి. టైప్ దగ్గర 'డీటీఎంఎఫ్' (నడుస్తున్న కాల్‌లోనే అంకెలు పంపే పద్ధతి), వాల్యూలో *1, లేబుల్‌లో రికార్డ్. ఎప్పుడూ అన్నిటికంటే కింది కీయే వాడండి, చెయ్యి పొరపాటున తగలదు.

టైప్ 'స్పీడ్ డయల్' పెట్టారో, పని చెడినట్టే. నడుస్తున్న కాల్‌ను ఫోన్ హోల్డ్‌లో పడేసి, *1కి కొత్త కాల్ చేస్తుంది. ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో ఇదే జరిగింది. గుమస్తా బటన్ నొక్కాడు, అవతల హోల్డ్ మ్యూజిక్ మొదలైంది. కాల్ మళ్లీ కలిసేసరికి, "లారీ ఎక్కడుందో చెప్పమంటే పాట పెడతారేంటండీ!" అని కస్టమర్ ఒకటే అరుపు. పేరు చూసి టైప్‌గా 'రికార్డ్' ఎంచుకునేవాళ్లూ ఉన్నారు. ఆ కీ అంకెలు పంపదు, సర్వర్‌కి వేరే రకం సందేశం పంపుతుంది. ఈ పద్ధతికి అది పనికిరాదు.

కీ సరిగ్గా ఉన్నా రికార్డ్ కావడం లేదంటే, ఫోన్ అకౌంట్ అడ్వాన్స్‌డ్ పేజీలో డీటీఎంఎఫ్ టైప్ చూడండి. అక్కడ ఆర్ఎఫ్‌సీ 2833, సర్వర్‌లో ఆర్ఎఫ్‌సీ 4733 ఉండాలి, ఇవి అంకెలు పంపే ప్రమాణాల పేర్లు. నంబర్లు వేరని కంగారు పడకండి, పాతదాని స్థానంలో వచ్చిందే కొత్తది. అంకెలను టోన్లుగా మాటలోనే కలిపి పంపే 'ఇన్‌బ్యాండ్' జోలికి వెళ్లొద్దు. కొన్ని కోడెక్‌లు (మాటను డిజిటల్‌గా మార్చే పద్ధతులు) దాన్ని కుదించేటప్పుడు ఆ టోన్లూ చెడిపోతాయి.

"బటనెందుకు, చేత్తో *1 కొడతాం" అంటారు కొందరు. స్టార్‌కీ ఒకటికీ మధ్య కాస్త ఆలస్యమైతే సర్వర్ దాన్ని కోడ్‌గా తీసుకోదు. ఆ మోత అవతలివాళ్ల చెవిలో పడుతుంది.

స్టాఫ్‌కి రెండు విషయాలు గట్టిగా చెప్పండి. రికార్డ్ చేస్తున్నామని అవతలివాళ్లకు చెప్పాకే నొక్కాలి. ఒక్కసారే నొక్కాలి. ఏమీ జరగలేదన్న టెన్షన్‌లో రెండోసారి నొక్కితే రికార్డింగ్ ఆగిపోతుంది.

చివరగా, మీ మొబైల్ నుంచి ఆఫీసుకి కాల్ చేసి ఒకటి నుంచి పది దాకా మెల్లగా లెక్కపెట్టండి. ఐదు దగ్గర ఎవరితోనైనా బటన్ నొక్కించండి. సర్వర్‌లోని సీడీఆర్ రిపోర్ట్స్‌లో (కాల్స్ చిట్టా) విన్నప్పుడు ఐదో ఆరో అంకె నుంచి మీ గొంతు వినిపించాలి. నొక్కకముందు మాట్లాడింది ఎక్కడా ఉండదు, వెతక్కండి.