వార్తని జల్లెడ పడదాం, 4వ పాఠం: ఫొటో ఫేక్ అని తేలింది, మరి వార్త?

పోయినసారి కంచ గచ్చిబౌలి (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న 400 ఎకరాల చెట్ల నేల) ఫొటోలు ఇచ్చి ఏది నిజమో తేల్చమన్నాను కదా, బుల్డోజర్ల ముందు జింకలు పరిగెత్తే బొమ్మ ఏఐదని చాలామంది కరెక్ట్‌గానే పట్టేశారు. కానీ సగం మంది కింద ఇంకో లైన్ రాశారు, "కాబట్టి అక్కడ ఏమీ జరగలేదు, అంతా ప్రచారమే" అని. అది చూశాక ఈరోజుకి అనుకున్న పాఠం పక్కన పెట్టేశా.

బొమ్మ వేరు, జరిగింది వేరండీ. 2025 మార్చి చివర్లో, వరసగా సెలవులొచ్చిన రోజుల్లో, ఆ 400 ఎకరాల్లోకి చెట్లు కొట్టేసి చదును చేసే మెషిన్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. హైకోర్టు రిజిస్ట్రార్ స్వయంగా వెళ్లి చూసొచ్చి ఇచ్చిన రిపోర్ట్ ప్రకారం అప్పటికే దాదాపు 100 ఎకరాలు ధ్వంసమయ్యాయి, అక్కడ నెమళ్లు, జింకలు కనిపించాయని కూడా అందులో ఉంది. అంటే బొమ్మలో జింక దొంగది, నేల మీద జింక నిజం. ఒక్క దొంగ బొమ్మ దొరకగానే మొత్తం కొట్టిపారేస్తే ఆ నిజం జింక కూడా పోతుంది, నాకు బాధ అక్కడే.

అందుకే వార్తని ముక్కలు చెయ్యండి: ఎంత భూమి, ఏ రోజు, ఎవరు కళ్లారా చూశారు. ఏ ముక్కకి ఆ ముక్క విడిగా చెక్ చెయ్యాలి. నేనైతే ముందు కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో సెంటినెల్-2 (యూరప్ వాళ్ల శాటిలైట్) ఫొటోలు తీస్తా, ఫ్రీనే, దాదాపు ఐదు రోజులకోటి వస్తుంది, మబ్బు లేని రోజువి ముందుదీ తర్వాతదీ పక్కపక్కన పెడితే పచ్చదనం పోయి మట్టి ఎక్కడ తేలిందో తెలిసిపోతుంది.

ఏ పేపర్ ఏ పార్టీదో మీకు తెలుసు, అది వదిలేద్దాం. మాట మాత్రం చూడండి. "అది అడవి కాదు" అన్నారంటే రికార్డుల్లో అటవీ భూమిగా లేదని అర్థం కావచ్చు, చెట్లు లేవని కాదు. 1996 గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, భూమి ఎవరిదైనా సరే, డిక్షనరీ అర్థంలో అడవి అయితే అడవే అంది.

అభ్యాసం: మీ జిల్లాలో క్వారీ గానీ చెరువు గానీ, ఒకే రోజు వార్త మూడు పేపర్లలో తీసుకోండి. "నరికేశారు", "తొలగించారు", "చదును చేశారు", ఎవరు ఏది వాడారు? "చెట్లు తొలగించబడ్డాయి" అని ఉంటే పెన్సిల్‌తో సున్నా చుట్టండి, చేసినవాళ్ల పేరు మాయమైంది అక్కడే. తర్వాత శాటిలైట్ ఫొటోలు రెండు జత చెయ్యండి. వారం టైం పడుతుంది, తీసుకోండి.