విదేశాల్లోని పిల్లలకు తిండి పార్సిల్: ఒడిశా సరిహద్దు నుంచి పంపేవారికి దరఖాస్తు విధానం

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉన్న మన తెలుగు ఇళ్లలో చాలామంది పిల్లలు ఇప్పుడు విదేశాల్లో ఉన్నారు. అక్కడ వంట మొదలుపెట్టాక ఇంటికి ఫోన్ వస్తుంది: "ఇక్కడ బీఫ్ స్టాక్ దొరకట్లేదమ్మా, ఎముకల రసం ఇగిరించి పొడి చేసి పంపించు." కొందరు మేక కాళ్ల సూప్ పొడి అడుగుతారు, కొందరు ఎండబెట్టిన మాంసం అడుగుతారు. తల్లి మనసు వెంటనే పొయ్యి వెలిగిస్తుంది. కానీ పొయ్యి వెలిగించే ముందే చూసుకోవాల్సిన నియమాలున్నాయి. చుట్టుపక్కల వాళ్లకి పోస్టాఫీసు ఫారాలు నింపిపెడుతుంటాను కాబట్టి వివరంగా చెబుతున్నాను.

మాంసం సంగతి ముందు తేల్చుకుందాం. ఆవు, ఎద్దు, దూడ మాంసం మన దేశం నుంచి ఎగుమతి చేయడం నిషేధం. గేదె మాంసాన్ని ఎముక లేకుండా, అపెడా (వ్యవసాయ, ఆహార ఎగుమతులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) దగ్గర నమోదైన ప్లాంట్ల నుంచి, ఆరోగ్య ధ్రువపత్రంతోనే పంపనిస్తారు. ఇంట్లో కాచిన ఎముకల రసానికి ఆ పత్రం ఎవరూ ఇవ్వరు. తిరుగు ప్రయాణంలోనూ ఇంతే. బీఫ్ గానీ, బీఫ్ కలిసిన ఏ పదార్థం గానీ మన దేశంలోకి దిగుమతి చేయకూడదు. సెలవులకి వచ్చే పిల్లలు అక్కడి బీఫ్ స్టాక్ క్యూబ్‌లు (నీళ్లలో వేస్తే మాంసం రసం రుచి వచ్చే బిళ్లలు) సూట్‌కేసులో వేసుకు రావద్దని ముందే చెప్పండి.

మరి మేక, కోడి మాటేమిటి? ఇక్కడ అడ్డుపడేది అవతలి దేశం. పశువుల రోగాలు తమ దేశంలోకి వస్తాయని వాళ్ల భయం, ఆ భయం వట్టిది కాదు. పిచ్చి ఆవు వ్యాధి వల్ల 1996లో యూరోపియన్ యూనియన్ బ్రిటన్ బీఫ్‌ను ఆపేసింది. అమెరికా మార్కెట్‌లోకి బ్రిటన్ బీఫ్ మళ్లీ అడుగుపెట్టింది 2020లోనే. 2025 జనవరిలో జర్మనీలో గాలికుంటు వ్యాధి బయటపడింది. ఆ ఏడాది ఏప్రిల్ 12 నుంచి, యూరప్ వెళ్లొచ్చే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేకూడదని బ్రిటన్ కట్టడి చేసింది. పక్కపక్క దేశాల మధ్యే ఇంత పట్టింపు ఉంటే, గాలికుంటు ఉన్న మన దేశం నుంచి వెళ్లే మాంసం పొడిని ఎందుకు రానిస్తారు? యూరోపియన్ యూనియన్, బ్రిటన్ మన దగ్గర్నుంచి వ్యక్తిగత పార్సిల్‌లో మాంసం, పాల పదార్థాలు రానివ్వవు. నెయ్యి, పాలకోవా కూడా ఇందులోకే వస్తాయి. అమెరికాలో మాంసం కలిసిన సూప్ పొడులకీ ఈ ఆంక్షలు వర్తిస్తాయి. ఆస్ట్రేలియాకి పంపేవారు బైకాన్ అనే ఆ దేశపు వెబ్‌సైట్‌లో వస్తువు పేరు కొట్టి చూసుకోవాలి.

నా సలహా ఒకటే. ఎముకలు వాళ్లని అక్కడే కొనుక్కోమనండి, మసాలా మీరు పంపండి. వాళ్లుండే ఊళ్లో హలాల్ మాంసం కొట్టు ఉంటే ఎముకలు అడిగి తెచ్చుకోవచ్చు. ఉల్లిపాయ, అల్లం, మిరియాలు వేసి సన్నని సెగ మీద గంటల తరబడి కాచి, వడగట్టి, చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకుంటే క్యూబ్‌ల కోసం వెతుక్కునే టెన్షన్ ఉండదు. అందులో పడాల్సిన ధనియాల పొడి, కారం, ఇంటి గరం మసాలా మీ చేతివే అవుతాయి. అమెరికాకి పచ్చి కరివేపాకు మాత్రం పెట్టకండి. నిమ్మజాతి చెట్లకి తెగులు సోకుతుందని దాన్ని అక్కడ ఆపేస్తారు.

ఇక దరఖాస్తు. విదేశీ పార్సిల్ బుక్ చేసే పోస్టాఫీసుకే వెళ్లాలి. ఊళ్లోని బ్రాంచ్ ఆఫీసులో ఈ పని జరగదు, జిల్లాలోని హెడ్ పోస్టాఫీసుకి వెళ్లడం మేలు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు, దాని నకలు, అవతలి వాళ్ల పూర్తి చిరునామా, అక్కడి పోస్టల్ కోడ్, ఫోన్ నంబర్ దగ్గర పెట్టుకోండి. పెట్టె సీలు వేయకుండా తీసుకెళ్లండి, లోపల చూపించమని అడగొచ్చు. రెండు కిలోల లోపు అయితే ట్రాక్డ్ ప్యాకెట్ (ఎక్కడిదాకా వెళ్లిందో చూసుకోగల చిన్న ప్యాకెట్) సేవ ఆ దేశానికి ఉందేమో అడగండి. అంతకు మించితే ఎయిర్ పార్సిల్ లేదా ఈఎంఎస్ (విదేశాలకి వెళ్లే స్పీడ్ పోస్ట్). ధర దేశాన్ని బట్టి, బరువుని బట్టి మారుతుంది. ఇండియా పోస్ట్ వెబ్‌సైట్‌లో లెక్క చూసుకునే వెళ్లండి.

అందరూ తడబడేది కస్టమ్స్ ఫారం దగ్గర. చిన్న ప్యాకెట్‌కి సీఎన్ 22, పార్సిల్‌కి సీఎన్ 23. తెలుగులోనో ఒడియాలోనో రాస్తే అవతలి దేశంలో చదివేవాళ్లుండరు, ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో రాయాలి. "తినుబండారాలు" అని ఒక్క ముక్క రాస్తే చాలదు. ఒక్కో వస్తువుకి పేరు, బరువు, విలువ, హెచ్‌ఎస్ కోడ్ (సరుకు ఏ రకమో తెలిపే అంతర్జాతీయ నంబర్) విడివిడిగా ఉండాలి. మిరపకాయల పొడికి 0904, ధనియాలకి 0909, పసుపుకి 0910 తో కోడ్ మొదలవుతుంది.  గిఫ్ట్ అన్న గడిలో టిక్ పెట్టండి. బహుమతే అయినా విలువ సున్నా అని రాయకూడదు.

మాంసం పొడి మీద "మసాలా" అని రాసి పంపేద్దామని ఎవరైనా చెబితే వినకండి. పట్టుబడితే, పార్సిల్ మీద ఉండేది మీ బిడ్డ పేరు, చిరునామా. విద్యార్థి వీసా మీద ఉన్న పిల్లల్ని అలాంటి చిక్కులో పెట్టడం ఏ సూప్ కోసమూ తగదు.

పార్సిల్ చేరకపోతే ఏం చేయాలని ఫారంలో అడుగుతారు: తిప్పి పంపాలా, వదిలేయాలా. తిప్పి పంపమంటే ఆ ఖర్చు మీ మీద పడొచ్చు. తిండి వస్తువులకి వదిలేయమనడమే నయం.

అమెరికాకి పంపేవారికి ఇంకో మెట్టు ఉంది. తిండి పార్సిల్ వస్తోందని అక్కడి ఎఫ్‌డీఏకి (ఆహారం, మందుల నియంత్రణ సంస్థ) ఆన్‌లైన్‌లో ముందే తెలియజేయాలి, పోస్టు చేయకముందే ఆ పని అయిపోవాలి. వాళ్లిచ్చే నంబర్‌ని కస్టమ్స్ ఫారం మీద రాయాలి. అయితే మీ ఇంట్లో మీరే చేసి, మీ వాళ్లకి మీరే బహుమతిగా పంపే పదార్థానికి ఇది అక్కర్లేదు. కొట్టులో కొన్న ప్యాకెట్ ఒక్కటి చేరినా కావాలి. అందుకే ఇంటి మసాలా ఒక పెట్టెలో, కొన్నవి ఇంకో పెట్టెలో పంపమని చెబుతుంటాను.

రసీదు మీదున్న ట్రాకింగ్ నంబర్‌ని ఫోటో తీసి పిల్లలకి పంపండి. పార్సిల్ ఎక్కడో ఆగిపోతే బుక్ చేసిన పోస్టాఫీసులోనే విచారణ దరఖాస్తు ఇవ్వాలి. పోస్టు చేసిన మర్నాటి నుంచి ఆరు నెలల్లోపు ఇస్తేనే తీసుకుంటారు, అందాక రసీదు దాచి ఉంచండి.