24 వోల్టులతో వాల్వు హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్: ఇంట్లో ఎలా కట్టుకోవాలి?

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఇప్పటికీ అప్పుడప్పుడూ ఒక వాల్వు రేడియో బయటపడుతుంది. చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉన్నవాళ్లకు వెంటనే ఆశ పుడుతుంది, ఇందులో వాల్వు పీకి హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ కడితే ఎలా ఉంటుందని. ఆ రేడియోను అలాగే ఉంచండి. అందులో సాధారణంగా ఉండే ఈసీహెచ్81, ఈబీఎఫ్89, ఈఎల్84 లాంటి వాల్వులు మన పనికి రావు. పైగా ఆ రేడియో లోపల 200 వోల్టులకు పైనే నడుస్తుంది. ప్లగ్గు తీసేశాక కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉండొచ్చు.

ఇక్కడ చెప్పేది 24 వోల్టులకు మించని సర్క్యూట్. ఇందులో వాల్వు ఒక్కటే. సిగ్నల్ వోల్టేజీని పెంచడం దాని పని. కానీ 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌ను నడిపేంత కరెంటు ఇవ్వడం దానివల్ల కాదు. పూర్తి వాల్వు ఆంప్లిఫయర్లలో చాలావాటికి అందుకే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. మంచిది కావాలంటే అది బరువు, ఖరీదు కూడా. మనం ఆ కరెంటు ఇచ్చే పనిని ఒక మాస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) మీద పెడతాం. ఇలా సగం వాల్వు, సగం ట్రాన్సిస్టర్ అయినదాన్నే హైబ్రిడ్ అంటారు. టిఫిన్ డబ్బా సైజు పెట్టెలో పట్టేస్తుంది.

సామాన్లు

వాల్వు 12ఏయూ7. దీనికే యూరప్ పేరు ఈసీసీ82. ఒకే గాజు బుడ్డిలో రెండు ట్రయోడ్లు (ఒక్కోటీ విడిగా సిగ్నల్‌ను పెంచగల భాగం) ఉంటాయి కాబట్టి ఎడమకు ఒకటి, కుడికి ఒకటి సరిపోతాయి. చూడ్డానికి అచ్చం ఇలాగే ఉండే 12ఏఎక్స్7 కూడా ఇదే సాకెట్‌లో కూర్చుంటుంది గానీ, 24 వోల్టుల దగ్గర దానిలో పారే కరెంటు మరీ తక్కువ. అది వద్దు. వాల్వు, దానికి తొమ్మిది పిన్నుల సాకెట్ మన ఊళ్లో దొరక్కపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే. రాయగడ, గుణుపురం వైపు వాళ్లు మిగతా చిల్లర సామాను విశాఖ వెళ్లినప్పుడు ఒకేసారి తెచ్చుకుంటే మేలు.

పవర్‌కు వెతుక్కోనక్కర్లేదు. ఆర్‌ఓ వాటర్ ఫిల్టర్లు బాగుచేసే షాపులో 24 వోల్టుల అడాప్టర్ అడగండి. 1.5 ఆంప్స్ లేదా అంతకన్నా ఎక్కువది తీసుకోండి. మన సర్క్యూట్ తినేది సుమారు 0.4 ఆంప్సే అయినా, కొంచెం పెద్దదైతే వేడెక్కకుండా నడుస్తుంది.

ఇంకా కావలసినవి: ఐఆర్‌ఎఫ్510 మాస్‌ఫెట్లు రెండు, ఎల్‌ఎం317 రెగ్యులేటర్ ఐసీలు రెండు, వాటికి హీట్‌సింకులు, మైకా ముక్కలు, 50 కిలో ఓమ్‌ల స్టీరియో లాగ్ వాల్యూమ్ కంట్రోల్, 50 కిలో ఓమ్‌ల ప్రీసెట్లు (స్క్రూడ్రైవర్‌తో తిప్పి సెట్ చేసే చిన్న రెసిస్టర్లు) రెండు, ఒక జీరో పీసీబీ (రంధ్రాల బోర్డు), 1 ఆంప్ ఫ్యూజు, జాకులు, చిన్న రెసిస్టర్లు, కెపాసిటర్లు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లన్నీ 35 వోల్టులవే కొనండి. 25 వోల్టులవి చాలు కదా అనిపిస్తుంది గానీ, అంత అంచున నడపకూడదు.

ఐఆర్‌ఎఫ్510 లేదు, ఐఆర్‌ఎఫ్540 ఉంది, ఇంకా పవర్‌ఫుల్ అని షాపువాడు అంటే తీసుకోకండి. 540 గేటు కెపాసిటెన్స్ 510 కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అంత బరువు వాల్వు మోయలేదు, పై స్థాయి శబ్దాలు మందగిస్తాయి.

ముందు పవర్, ఫిలమెంటు

అడాప్టర్ ప్లస్ నుంచి ఫ్యూజు, ఫ్యూజు తర్వాత 1 ఓమ్ 2 వాట్ల రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండ్‌కు 2200 మైక్రోఫారడ్ల కెపాసిటర్. మాస్‌ఫెట్లకు 24 వోల్టులు ఇక్కడి నుంచే తీసుకోవాలి. వాల్వు ప్లేట్లకు (పెరిగిన సిగ్నల్ బయటికి వచ్చే కాళ్లకు) మాత్రం నేరుగా ఇవ్వకూడదు. ఇక్కడి నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్, ఆపైన ఇంకో 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టి, ఆ చివర నుంచి ప్లేట్లకు ఇవ్వండి. ఆర్‌ఓ అడాప్టర్ స్విచ్చింగ్ రకం, దాని లైనులో సన్నటి గోల ఉంటుంది. ప్లేటు లైనులో చేరిన గోల నేరుగా చెవిలోకి వస్తుంది. రెండు చిన్న విడిభాగాలతో అది చాలావరకు ఆగిపోతుంది. వేలు పోసి పాత కాలపు బ్రాండెడ్ వాల్వు కొనేకన్నా ఈ ఫిల్టర్ సరిగ్గా పెట్టడంవల్లే తేడా ఎక్కువ తెలుస్తుందని నా అభిప్రాయం.

12ఏయూ7 ఫిలమెంటుకు (వాల్వును లోపల వేడెక్కించే తీగకు) 12.6 వోల్టులు, 0.15 ఆంప్స్ కావాలి. మన దగ్గర ఉన్నవి 24. మిగిలిన సుమారు 11.4 వోల్టులను ఒక రెసిస్టర్‌లో దించాలి. 11.4ను 0.15తో భాగిస్తే 76 ఓమ్‌లు. 75 ఓమ్‌ల సిమెంట్ రెసిస్టర్ దొరకడం కష్టం కాబట్టి 150 ఓమ్‌లవి, 5 వాట్లవి రెండు పక్కపక్కన పారలల్‌గా కలపండి. ఫ్యూజు తర్వాతి ప్లస్ నుంచి ఈ రెసిస్టర్ల ద్వారా పిన్ను 4కు, పిన్ను 5 నుంచి గ్రౌండ్‌కు. పిన్ను 9 ఖాళీగా వదిలేయండి. చల్లగా ఉన్నప్పుడు ఫిలమెంటు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. ఈ రెసిస్టర్లు ఆ దూకుడును కూడా అడ్డుకుంటాయి.

పిన్నుల లెక్కలో తొందరపడొద్దు. సాకెట్‌ను కింది నుంచి చూస్తూ, పిన్నుల మధ్య ఎడంగా ఉన్న ఖాళీ నుంచి మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగే దిశలో 1 నుంచి 9 వరకు లెక్కించాలి. 1, 2, 3 వరసగా ఒక ట్రయోడ్ ప్లేటు, గ్రిడ్, కాథోడ్. 6, 7, 8 రెండోదానివి.

ఒక్కో ఛానెల్ ఇలా

వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలు నుంచి 0.22 మైక్రోఫారడ్ పాలియెస్టర్ కెపాసిటర్, దాని నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్ మీదుగా గ్రిడ్‌కు. గ్రిడ్ నుంచి గ్రౌండ్‌కు 1 మెగా ఓమ్. కాథోడ్ నేరుగా గ్రౌండ్‌కే.

ఫిల్టర్ చేసిన ప్లేటు లైను నుంచి 4.7 కిలో ఓమ్‌లు, దానితో వరసగా ప్రీసెట్, అక్కడి నుంచి ప్లేటుకు. ప్రీసెట్ మధ్య కాలును ఒక పక్క కాలికి కలిపేయండి. మొదట దాన్ని పూర్తి రెసిస్టెన్స్ వైపు తిప్పి ఉంచాలి. ప్లేటు నుంచి 220 ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా నేరుగా మాస్‌ఫెట్ గేటుకు. మధ్యలో కెపాసిటర్ లేదు, గేటు కరెంటు లాగదు కాబట్టి అవసరం కూడా లేదు.

మాస్‌ఫెట్ డ్రెయిన్‌కు 24 వోల్టులు. సోర్సు నుంచి ఎల్‌ఎం317 ఇన్‌పుట్‌కు. 317 అవుట్‌పుట్ నుంచి 10 ఓమ్‌ల అర వాటు రెసిస్టర్, దాని రెండో చివర 317 అడ్జస్ట్ కాలికీ గ్రౌండ్‌కూ. 317 తన అవుట్‌పుట్‌కూ అడ్జస్ట్‌కూ మధ్య ఎప్పుడూ 1.25 వోల్టులు నిలుపుతుంది. కాబట్టి 10 ఓమ్‌లలో కచ్చితంగా 125 మిల్లీఆంప్స్ పారుతుంది. హెడ్‌ఫోన్‌కు ఆ నిలకడ కరెంటులోంచే అందుతుంది.

సోర్సు నుంచే 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ద్వారా హెడ్‌ఫోన్ జాకుకు. ప్లస్ సోర్సు వైపు ఉండాలి. జాకు వైపు నుంచి గ్రౌండ్‌కు 2.2 కిలో ఓమ్‌లు. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు ఇది సుమారు 10 హెర్ట్జ్ దాకా దిగుతుంది. మీది 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్ అయితే 1000 మైక్రోఫారడ్లు పెట్టండి.

అక్షరాలు మనవైపు, కాళ్లు కిందికి పెట్టి చూస్తే మాస్‌ఫెట్ కాళ్లు ఎడమ నుంచి గేటు, డ్రెయిన్, సోర్సు. 317వి అడ్జస్ట్, అవుట్‌పుట్, ఇన్‌పుట్. రెండింటి లోహపు వీపులూ మధ్య కాలికి కలిసే ఉంటాయి, కానీ మధ్య కాళ్ల వోల్టేజీలు వేరు. ఒకే హీట్‌సింకుకు ఊరికే బిగించారో, స్విచ్ వేయగానే 24 వోల్టుల లైను 317 అవుట్‌పుట్ మీద పడుతుంది. మైకా, ప్లాస్టిక్ వాషర్ పెట్టి బిగించాక మీటర్‌తో షార్ట్ లేదని చూసుకోండి. ఒక్కోటి దాదాపు ఒకటిన్నర వాటు వేడి వదులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో గుణుపురంలో ఉండే వేడికి మూత మీద రంధ్రాలు లేని పెట్టె అస్సలు పనికిరాదు.

గ్రౌండ్ తీగలన్నీ 2200 కెపాసిటర్ మైనస్ దగ్గర ఒకే చోట కలవాలి. ఒకదాని నుంచి ఒకటి గొలుసులా కలుపుకుంటూ పోతే హమ్ (గుయ్ మనే మోత) వస్తుంది, తర్వాత ఎక్కడ వెతికినా దొరకదు. ఇన్‌పుట్ జాకు నుంచి వాల్యూమ్‌కు షీల్డ్ తీగ వాడి, వాల్యూమ్ కంట్రోల్ లోహపు ఒంటిని కూడా గ్రౌండ్ చేయండి.

స్విచ్ వేసే ముందు, వేశాక

మొదట వాల్వు లేకుండా, హెడ్‌ఫోన్ పెట్టకుండా పవర్ ఇవ్వండి. 2200 కెపాసిటర్ మీద 24కు కాస్త తక్కువ ఉండాలి. ఒక్కో 10 ఓమ్‌ల రెసిస్టర్ మీద 1.25 వోల్టులు కనిపించాలి. సున్నా వస్తే చాలాసార్లు 317 కాళ్లు తారుమారై ఉంటాయి. ఈ దశలో పిన్ను 4 మీద 24 వోల్టులు చూపిస్తే టెన్షన్ పడకండి, వాల్వు లేనప్పుడు అంతే.

పవర్ తీసి, వాల్వు పెట్టి మళ్లీ ఇవ్వండి. ఒక నిమిషం తర్వాత 4, 5 పిన్నుల మధ్య 12 నుంచి 13 వోల్టుల మధ్య ఉండాలి. ఇప్పుడు మీటర్ నల్ల తీగ గ్రౌండ్‌కు, ఎర్ర తీగ మాస్‌ఫెట్ సోర్సుకు పెట్టి, 12 వోల్టులు వచ్చేదాకా ప్రీసెట్ నెమ్మదిగా తిప్పండి. రెండో ఛానెల్‌కూ అంతే. పావుగంట వేడెక్కనిచ్చి మళ్లీ సరిచూడండి, కొంచెం జరిగి ఉంటుంది. చివరగా జాకు దగ్గర డీసీ దాదాపు సున్నా అని తేలాకే, ఏదైనా చవక ఇయర్‌ఫోన్‌తో మొదటి పాట వినండి.

ఈ డిజైన్‌లో ఒక చిక్కు ఉంది. వాల్వు చల్లగా ఉన్నప్పుడు దాని ప్లేటు పూర్తి 24 వోల్టుల దగ్గర ఉంటుంది, సోర్సు కూడా దాని వెంటే పైకి పోతుంది. ఆ క్షణంలో హెడ్‌ఫోన్ జాకులో ఉంటే ధడ్ మని కొడుతుంది. చెవికీ హెడ్‌ఫోన్‌కూ మంచిది కాదు. ఆన్ చేశాక ఒక నిమిషం ఆగి పెట్టుకోవాలి, ఆఫ్ చేసే ముందు తీసేయాలి. ఇంట్లో పిల్లలు కూడా వాడేటట్టయితే ఈ నియమాన్ని నమ్ముకోకుండా, ఆలస్యంగా కలిపే రిలే బోర్డు ఒకటి పెట్టేయడం నయం.

వాల్వును వేలితో తడితే టింగ్ మని వినిపించడం మామూలే. గర్ర్ మని ఆగకుండా వస్తుంటే ముందు ఇన్‌పుట్ తీగ తీసి చూడండి. అప్పుడు ఆగిపోతే తప్పు ఫోన్ ఛార్జర్‌దో, కంప్యూటర్‌దో. ఆగకపోతే గ్రౌండ్ కలిపిన చోటు. గోపాల్‌పూర్, ఛత్రపురం లాంటి సముద్రం పక్క ఊళ్లలో సాకెట్ పిన్నులకు తుప్పు త్వరగా పడుతుంది, చిటపటలు మొదలవుతాయి. పవర్ తీసి, వాల్వు చల్లారాక బయటికి లాగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పిన్నులు తుడిచి పెడితే చాలు.

అడాప్టర్ గోల ఎంతకీ పోకపోతే, లేదా తుఫాను రోజుల్లో కరెంటు లేకుండా వినాలంటే, యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీలు రెండు సిరీస్‌లో కలిపి ఇదే పెట్టెకు ఇవ్వొచ్చు. ఫ్యూజును మాత్రం బ్యాటరీ దగ్గరే పెట్టండి. నిండా ఛార్జ్ చేస్తే పది గంటలకు పైనే వస్తుంది, హమ్ బెడద ఉండదు. బ్యాటరీ దిగేకొద్దీ సోర్సు వోల్టేజీ కూడా కాస్త దిగుతుంది, దానికోసం ప్రీసెట్ కదపనక్కర్లేదు.