వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు: వైజాగ్ ఉక్క నుంచి ఒక్కరోజు అరకు

మే నెలలో వైజాగ్‌లో ఎండ కంటే ఉక్కతోనే ఎక్కువ చస్తాం. పొద్దున్న ఏడింటికే చొక్కా వీపుకి అంటుకుపోతుంది, పోనీ సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్దామంటే అక్కడ జనం తప్ప సముద్రం కనబడదు. రూమ్ ఖర్చు లేకుండా ఒక్కరోజులో కొండెక్కి దిగి రావాలంటే అరకు మీదుగా వెళ్లే కిరండోల్ ప్యాసింజర్ రైలు ఉంది. కాకపోతే చాలామంది రానూపోనూ రైలుకే టికెట్లు తీసేసుకుంటారు, అక్కడే దెబ్బ తింటారు. బండి పొద్దున్న 6.45 ప్రాంతంలో వైజాగ్‌లో బయల్దేరి అరకు చేరేసరికి 11 అవుతుంది, తిరుగు బండేమో మధ్యాహ్నమే అరకు దాటి వచ్చేస్తుంది. మధ్యలో మిగిలే కాస్త టైమ్‌లో భోజనానికో గంట పోతే ఇంక చూసేదేముంది? అందుకే పైకి రైల్లో వెళ్లండి, కిందికి ఆర్టీసీ బస్సులో రండి.

రిజర్వేషన్ 60 రోజుల ముందు ఓపెన్ అవుతుంది. సెలవుల్లో శని ఆదివారాలకి సీట్లు దొరకడం కష్టం, మంగళవారమో బుధవారమో పెట్టుకుంటే హాయి. జనరల్ టికెట్ ఫోన్‌లో యాప్‌లోనే తీసుకోవచ్చు, కానీ సీటు కావాలంటే బండి బయల్దేరడానికి ముప్పావుగంట ముందే ప్లాట్‌ఫాం మీద ఉండాలి. అద్దాల విస్టాడోమ్ పెట్టె 2017 నుంచి ఉంది. ఏసీ ఉంటుంది, పైకప్పు అద్దంలోంచి కొండలు కనబడతాయి, పెద్దవాళ్లుంటే అదే తీసుకోండి. నా మటుకు నాకు మామూలు సెకండ్ సిట్టింగ్‌లో కిటికీ పక్క సీటే ఇష్టం. సొరంగంలోకి వెళ్లగానే మొహానికి కొట్టే ఆ చల్లగాలి అద్దాల పెట్టెలో ఎక్కడ దొరుకుతుంది! వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోండి, లోయలు ఎక్కువగా అటే.

శృంగవరపుకోట వరకు ప్రయాణం మామూలుగానే ఉంటుంది, టిఫిన్ ఆ లోపే కానిచ్చేయండి. బొడ్డవర, శివలింగపురం దాటాక ఘాట్ మొదలవుతుంది. తైడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ, ఆ తర్వాత అరకు. దారిలో 50కి పైగా సొరంగాలు తగులుతాయి. మొదటి నాలుగైదు సొరంగాల్లో పిల్లలు మాత్రమే అరుస్తారు, పదోదానికి వచ్చేసరికి పెట్టెలో పెద్దవాళ్లూ మొదలెడతారు. అసలు ఈ లైను మనలాంటి వాళ్ల షికారు కోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దించి జపాన్‌కి పంపడానికి 1960లలో వేశారు. ఇప్పటికీ ఖనిజం గూడ్సులు వస్తూపోతూనే ఉంటాయి, వాటికి దారిచ్చి మన బండి ఎక్కడైనా కాసేపు ఆగితే కంగారు పడకండి. శిమిలిగూడ సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది. గాలి మారిందని బోర్డు చదవక ముందే ఒంటికి తెలిసిపోతుంది.

ఇక బొర్రాలో దిగాలా, అరకు దాకా పోవాలా? మొదటిసారి అయితే అరకు దాకా వెళ్లండి, సొరంగాలన్నీ చూసినట్టవుతుంది. గుహలే ముఖ్యమనుకుంటే బొర్రాలో దిగండి, గుహలు తెరిచే 10 గంటల ప్రాంతానికే చేరతారు, స్టేషన్ నుంచి నడిచి వెళ్లే దూరమే. సున్నపురాయి గుహలు కాబట్టి లోపల చల్లగానే ఉంటుంది, పైనుంచి నీళ్లు కారుతుంటాయి, మెట్ల మీద జారకుండా మంచి గ్రిప్ ఉన్న చెప్పులు వేసుకోండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని మాత్రం అన్ని మెట్లూ దించకండి, దిగడం కంటే ఎక్కడం కష్టం. బయట కోతులుంటాయి, చేతిలో ఏ కవరున్నా తమకే అనుకుంటాయి. రెండూ ఒకేరోజు కావాలంటే బొర్రాలో గుహలు చూసుకుని, జీపు మాట్లాడుకుని రోడ్డు మీద అరకు వెళ్లండి. ఎంతకి తీసుకెళ్తారో, ఎక్కడెక్కడ ఆపుతారో ఎక్కక ముందే తేల్చుకోవాలి.

వేసవిలో అరకు అంటే మంచు ఊహించుకోకండి. మొదటిసారి మే నెలలో వెళ్లినప్పుడు అందరికీ స్వెట్టర్లు మోసుకెళ్లాను, అవి బ్యాగులోంచి బయటికి రాలేదు, ఇంట్లో ఇప్పటికీ ఆ మాట అంటుంటారు. మధ్యాహ్నం ఎండ ఎండే. అయితే వైజాగ్ ఉక్క ఉండదు, చెట్టు నీడలో నుంచుంటే చెమట ఆరిపోతుంది. ఫోన్లలో కనబడే ఆ పసుపుపచ్చ వలిసె పూల తోటలు నవంబరు, డిసెంబరు సరుకు, ఇప్పుడు అక్కడ ఖాళీ పొలాలే. జలపాతాల్లోనూ నీళ్లు పలచగా ఉంటాయి, కాబట్టి వాటికోసం రోజు పాడుచేసుకోవద్దు. పద్మాపురం తోటల్లో చెట్లకింద కూర్చోవడం, గిరిజన మ్యూజియం, కాఫీ, ఈ మూడూ చాలు. సాయంత్రం పూట ఉరుములతో వాన పడే అవకాశం ఉంది, స్వెట్టరు బదులు గొడుగు పట్టుకెళ్లండి.

భోజనానికి బొంగులో చికెన్ అందరూ చెప్పేదే. అప్పటికప్పుడు మీ కళ్లముందు నిప్పుల మీద పెట్టి కాల్చినది అడగండి, కాలడానికి టైమ్ పడుతుంది కాబట్టి ఆర్డరిచ్చి ఒక చుట్టు తిరిగి రండి. శాకాహారులైతే ఇంటి దగ్గరే పులిహోర కట్టుకోవడం మేలు. కాఫీ పొడి కొనేటప్పుడు చికోరీ కలిపిందా, కలపనిదా అని అడిగి మరీ తీసుకోండి. నీళ్లు మనిషికి రెండు లీటర్లు లెక్కేసుకోండి.

అరకులో దిగిన వెంటనే చేయాల్సిన పని, బస్టాండులో వైజాగ్ బస్సుల టైములు, ముఖ్యంగా చివరి బస్సు ఎన్నింటికో కనుక్కోవడం. చివరి బస్సుని నమ్ముకోకుండా దానికి ముందుది ఎక్కండి, ఘాట్ రోడ్డు వెలుతురుండగా దిగితే అనంతగిరి దగ్గర కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు కనబడతాయి. మలుపుల్లో కడుపు తిప్పే వాళ్లకి ముందు సీట్లు, చేతిలో ఒక నిమ్మకాయ. వైజాగ్ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగేసరికి నాలుగు గంటలు పట్టొచ్చు. శృంగవరపుకోట వచ్చేలోపే మళ్లీ ఉక్క మొదలవుతుంది, బ్యాగులో ఒక పల్చటి తువ్వాలు పైనే పెట్టుకోండి.