గుర్రాల లారీ: మలుపుల్లో తడబాటు ఎలా తగ్గిందంటే (నా అనుభవం)

మా ఆడగుర్రం లారీ బాగానే ఎక్కేది. మలుపు వస్తే మాత్రం కాళ్లు టకటకా కొట్టుకుంటూ చెమటతో తడిసిపోయేది. రబ్బరు మ్యాట్లు, ఎక్కువ గడ్డి, డ్రైవర్ మార్పు, ఏదీ పనిచేయలేదు.

కొత్త బాడీ కట్టించే ముందు షెడ్డు నేల మీదే సుద్దతో అసలు కొలతల్లో గీశాను. లారీ లోపలి వెడల్పు 7 అడుగులు, గుర్రం మూతి నుంచి తోక దాకా 8. అడ్డంగా పట్టదు కాబట్టి గుర్రాలు నిలబడే గడులు ఏటవాలుగా పెట్టాను. గీతల వెంట వెదురు బొంగులు కట్టి, గుర్రాన్ని నిలబెట్టి, మెల్లగా పక్కకు నెట్టాను. ఆపుకోవడానికి వెంటనే కాలు గీత అవతలికి చాపింది! పాత లారీలో పార్టిషన్ నేలదాకా ఉండి, ఆ కాలికి చోటే లేకుండా చేసింది. పాపం, ఎన్ని ప్రయాణాలు అలా భరించిందో.

ఈసారి పార్టిషన్ కింద 2 అడుగులు వదిలి, పక్క గుర్రం కాలు తొక్కకుండా మందపాటి రబ్బరు షీటు వేలాడదీయించాను. గడి 8 అడుగుల పొడవు, 3 అడుగుల 2 అంగుళాల వెడల్పు. ఒక్కో గుర్రానికి మోటారు వాహనాల నిబంధన అడిగే 2.25 చదరపు మీటర్ల కంటే కాస్త ఎక్కువే. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లి ఒళ్లు పొడిగా దిగింది.

మాది 62 అంగుళాల ఎత్తు. పెద్ద గుర్రానికి మళ్లీ గీసి చూడండి. తన్నే గుర్రమైతే కింద ఖాళీ వదలమని నేను చెప్పలేను.