ఇంటి పనుల మధ్యే ముక్కల బొంత కుట్టుకోవడం ఎలా?

తెలంగాణ సరిహద్దును ఆనుకున్న మహారాష్ట్ర ఊరు మా ధర్మాబాద్‌లో ఒకే వస్తువుకు రెండు పేర్లు. మా ఇంట్లో బొంత, పక్కింట్లో గోధడి. బాసర వైపు పోతే అందరికీ బొంతే, నాందేడ్ వైపు జరిగేకొద్దీ గోధడి అవుతుంది. పసిపిల్లలకు కుట్టే చిన్నదాన్ని పక్కింటి కాకూ (మరాఠీలో పిన్ని) 'దుపటే' అంటుంది. పేరేదైనా లోపల ఉండేవి అవే: అరిగిన చీరలు, బిగుతైన జాకెట్లు, మోకాళ్ల దగ్గర చిరిగిన పైజామాలు.

మా బాపమ్మకు బొంత అంటే ఎండాకాలం పని. చేలో పని ఉండదు. మధ్యాహ్నం నీడపట్టున నలుగురు ఆడవాళ్లు తలా ఒక మూల పట్టుకుని కూర్చుంటే వారంలో ఒకటి అయిపోయేది. ఇప్పుడు టిఫిన్ డబ్బాలు, స్కూల్ ఆటో, నీళ్లు వచ్చే టైము, వీటి మధ్య నలుగురు కూర్చునే మధ్యాహ్నం ఎక్కడిది? రెండేళ్లపాటు సెలవుల్లో కుడదామనుకుంటూ ముక్కలు మూటకట్టాను. మూట పెరిగింది, బొంత మాత్రం కాలేదు. చివరికి పనిని చిన్న చిన్న ముక్కలు చేసుకున్నాను. కుక్కర్ మూడు కూతలు వేసేలోపు కూడా ఏదో ఒకటి అయిపోవాలి. అట్లా మొదలుపెట్టాక నాలుగు బొంతలు పూర్తయ్యాయి.

మొదటిసారి కుట్టేవాళ్లు పిల్లల బొంతతో మొదలుపెట్టండి. 36 ఇంచుల వెడల్పు, 45 ఇంచుల పొడవు. కింది లెక్కలన్నీ దానివే.

1. గుడ్డలు ఏరడం

ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. నూలు గుడ్డలే తీసుకోండి: కాటన్ చీరలు, లుంగీలు, పంచెలు, జాకెట్ లైనింగులు, దిండు గలేబులు. నా మొదటి బొంతలో రంగు బాగుందని నాలుగు జార్జెట్ ముక్కలు కలిపాను. కుట్టేటప్పుడే చేపల్లా జారాయి. మొదటి ఉతుకుకే చుట్టూ ఉన్న నూలు ముక్కలు కాస్త కుదించుకుపోయాయి, జార్జెట్ మాత్రం అంతే ఉంది. ఆ నాలుగు చోట్లా బొంత అప్పడంలా పొంగింది. ఇప్పటికీ అట్లే ఉంది, అతిథులొస్తే ఆ వైపు కిందికి వేస్తాను.

ఏ గుడ్డో అనుమానం వస్తే అంచు నుంచి రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, సింకు మీద అగ్గిపుల్లతో అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది.

తర్వాత గుడ్డను కిటికీ వెలుతురుకు ఎత్తి చూడండి. జల్లెడలా కనిపిస్తే పైపొరకు పనికిరాదు, లోపలి పొరకు పెట్టుకోవచ్చు. జీన్స్ గుడ్డను పాత చీర ముక్క పక్కన కుట్టొద్దు, బరువైనది పల్చటిదాన్ని లాగి చింపుతుంది. ఎరుపు, మెరూన్, నలుపు ముక్కలను తడిపి తెల్లగుడ్డ మీద పరిచి పైన బరువు పెట్టండి. గంట తర్వాత మరక కనిపిస్తే మళ్లీ మళ్లీ ఉతకండి. అయినా రంగు దిగుతుంటే ఎంత ముద్దొచ్చినా వదిలేయండి.

దర్జీ షాపులో కత్రన్, అంటే కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలు, అడిగితే సంచి నిండా ఇస్తారు. అందులో సగం సిల్కూ పాలిస్టరే ఉంటాయి, ఏరుకునే ఓపిక ఉంటేనే తెచ్చుకోండి.

2. కత్తిరించడం

కొలతకు స్కేలు పట్టుకుని కూర్చుంటే పని సాగదు. మిఠాయి డబ్బా అట్టతో 5 ఇంచుల చదరం ఒకటి చేసుకోండి. అట్టను గుడ్డ మీద పెట్టి, అరిగిపోయిన సబ్బు ముక్కతో చుట్టూ గీత గీస్తే చాలు. ఉతికితే గీత పోతుంది. పాత చీర మరీ మెత్తగా ఉండి కత్తెరకు లొంగకపోతే పల్చటి గంజి పెట్టి ఇస్త్రీ చేయండి.

అట్ట అంచు గుడ్డ పోగు వెంటే ఉండాలి. ఏటవాలుగా కత్తిరించిన ముక్క కుట్టేటప్పుడు సాగుతుంది, వరస వంకరపోతుంది.

ప్రతి వైపూ పావు ఇంచు కుట్టులోకి పోతుంది కాబట్టి 5 ఇంచుల ముక్క చివరికి నాలుగున్నర ఇంచులవుతుంది. అడ్డం 8, నిలువు 10, మొత్తం 80 ముక్కలు. అదే పెద్దవాళ్ల బొంతకైతే 13 అడ్డం, 19 నిలువు, అంటే 247. ఆ అంకె చూసి భయపడే మొదట పిల్లలది కుట్టమంటున్నా.

కత్తిరించినవి మూడు కవర్లలో వేసుకోండి: ముదురు చదరాలు, లేత చదరాలు, చదరానికి చాలని తుక్కు ముక్కలు. టీవీ చూస్తూ రోజుకు పది కత్తిరించినా వారం పైన ఒక రోజుకు అయిపోతాయి.

3. జతలు కుట్టడం

మిషను మీద ఖాళీగా కుట్టు మొదలుపెడితే అడుగున దారం గూడు కట్టుకుంటుందని మీకు తెలుసు. అందుకే దర్జీలు ముందు ఒక పనికిరాని పీలిక మీద నాలుగు కుట్లు వేసి, అటునుంచే అసలు గుడ్డ మీదికి వెళ్తారు. ఆ పీలిక చోట మన బొంత ముక్కలు పెట్టడమే ఇక్కడి కిటుకు.

మిషను పక్కన ఒక స్టీలు గిన్నె పెట్టుకోండి. అందులో ఒక ముదురు, ఒక లేత ముక్క మంచి వైపులు లోపలికి వచ్చేలా ఎదురెదురుగా పెట్టిన జతలు ఉండాలి. చీరకు ఫాల్ కుట్టాలన్నా, స్కూల్ డ్రెస్ చంక చినిగినా, ముందు ఒక జతను పాదం కింద పెట్టి ఒక అంచు కుట్టేయండి. దారం తెంపకుండా రెండు కుట్లు ఖాళీగా పోనిచ్చి డ్రెస్ పెట్టండి. డ్రెస్ అయిపోయాక మళ్లీ దారం తెంపకుండా ఇంకో జత పెట్టండి. ఇప్పుడు వెనకనుంచి డ్రెస్‌ను కత్తిరించి తీసుకోండి. రెండో జత పాదం కిందే ఉండిపోతుంది, రేపటి పనికి అదే మొదలు. దారం వృథా కాదు, కుట్టు గూడు కట్టదు, బొంత కోసం విడిగా కూర్చోవక్కర్లేదు. కరెంటు పోయినా మాది తొక్కే మిషనే కాబట్టి ఆ టెన్షన్ కూడా లేదు.

80 ముక్కలంటే 40 జతలు. రెండు జతల్లో ఒకదాన్ని తలకిందులుగా తిప్పి కలిపితే, ముదురుకు ఎదురుగా లేత వచ్చి, చదరంగం గళ్లలా నాలుగు ముక్కల పలక తయారవుతుంది. అట్లా 20 పలకలు. కలిపే ముందు కుట్టు మార్జిన్‌ను రెండు జతల్లోనూ ముదురు ముక్క వైపే మడిచి ఇస్త్రీ చేయండి. అప్పుడు ఒకటి అటు, ఒకటి ఇటు తిరిగి, మధ్యలో కుట్లు ఒకదానికొకటి సర్దుకుంటాయి. ఇస్త్రీ మానేస్తే ఆ కూడలి దగ్గర కాయ కట్టినట్టు గట్టిపడుతుంది.

రంగులు ఎట్లా కలపాలని అందరూ అడుగుతారు. గంతకు తగ్గ బొంత వెతకొద్దు. ఒకటి ముదురు, ఒకటి లేత, అంతే. చిలకపచ్చ పక్కన వంకాయ రంగు పడ్డా పడనీయండి, 80 ముక్కల్లో అదే అందం. ఏది ముదురో తేలకపోతే ఫోన్‌లో ఫోటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడండి, వెంటనే తెలుస్తుంది.

ఒక ఆదివారం రాత్రి పిల్లలు పడుకున్నాక 20 పలకలను నేల మీద అడ్డం 4, నిలువు 5 పరిచి చూసుకోండి. ఒకే చీర ముక్కలు పక్కపక్కన పడితే మార్చండి. ఫోటో తీసి, వరసలవారీగా పిన్నీసు గుచ్చి, ఎత్తి పెట్టుకోండి. ఆ తర్వాత రోజుకో వరస.

తుక్కు ముక్కలు, మిషను లేనివాళ్లు

తుక్కును పారేయొద్దు. పాత లుంగీని 6 ఇంచుల చదరాలుగా కత్తిరించి, మధ్యలో ఒక పీలిక పెట్టండి. దాని మీద ఇంకో పీలికను మంచి వైపు కిందికి పెట్టి అంచు కుట్టి తిప్పండి, గోటితో అదమండి, మళ్లీ ఇంకోటి. లుంగీ చదరం నిండాక అట్ట పెట్టి 5 ఇంచులకు సరిచేస్తే ఇంకో చదరం వచ్చినట్టే.

మిషను లేకపోతే ముక్కలను ముందు కలపనే అక్కర్లేదు. కర్ణాటక ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ తెగ ఆడవాళ్లు కుట్టే కవంది అనే బొంత చూడండి. వాళ్లు చీర పరిచి, ఒక మూల నుంచి ముక్కల అంచులు మడిచి పెడుతూ, చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకుంటూ పోతారు. అతుకూ, పొరలు కలిపే కుట్టూ ఒకేసారి అయిపోతాయి. నాలుగు మూలలకు మడిచిన చిన్న గుడ్డలు కుడతారు, వాటిని ఫులా అంటారు. అవి లేకపోతే కవంది పూర్తయినట్టు కాదట.

4. పొరలు పరవడం

పిల్లల బొంతకు కింది పొర, లోపలి పొర, అంచు పట్టీ అన్నీ ఒకే కాటన్ చీరలో వస్తాయి. చీర అయిదున్నర మీటర్లుంటే 216 ఇంచులు. 49 ఇంచుల చొప్పున కత్తిరిస్తే నాలుగు పొరలు. ఒకటి అడుగుకు, రెండు లేదా మూడు లోపలికి. పన్నా 45 ఇంచులుంటే ఒక వైపు అంచుతో సహా 5 ఇంచులు కత్తిరించి 40కి తెచ్చుకోండి. ఆ నాలుగు అంచు పీలికలు దాచండి, చివర్లో పనుంది.

నేల తుడిచి ఆరాక అడుగు పొరను తిరగేసి పరిచి, నాలుగు మూలలా పప్పు డబ్బాలు పెట్టండి. ముడత ఒక్కటి కూడా ఉండకూడదు. పైన లోపలి పొరలు, ఆ పైన అతికిన పొర. నడిమధ్య నుంచి అంచుల వైపు అరచేత్తో దువ్వుతూ, పొరలు కదలకుండా బెత్తెడు దూరానికొక పొడవాటి కచ్చా కుట్టు వేయండి. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డ మధ్యలో పోగై గుట్టలా లేస్తుంది. ఈ ఒక్క పనికే గంటన్నర ఒకేసారి కావాలి. పిల్లలు బడికి పోయిన పూట పెట్టుకోండి.

5. టాకాలు (పొరలు కలిపే కుట్లు)

కచ్చా కుట్టు గట్టిగా ఉంటే ఇక ఎటునుంచి కుట్టినా ఫరవాలేదు. మా కాకూ అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యలోకి చేరుతుంది. వరసకూ వరసకూ రెండు వేళ్ల ఎడం. కుట్టు బియ్యపు గింజంత. మిషను దారం రెండు పేటలుగా తీసుకుని, మోచేయి నుంచి వేళ్ల దాకా ఉన్న పొడవుకు ఒకటిన్నర రెట్లు చాలు. అంతకంటే పొడవైతే చిక్కుపడుతుంది. కొవ్వొత్తి మీద ఒకసారి రుద్దితే జారుడుగా వస్తుంది. ముడిని పైపొర గుండా సన్నగా లాగితే టప్‌మని లోపలికి దూరి కనిపించకుండా పోతుంది. మధ్య వేలికి దర్జీల అంగుస్తానా (సూది గుచ్చుకోకుండా పెట్టుకునే వేలి తొడుగు) పెట్టుకోండి. మొదటి రోజు అది అడ్డంగా అనిపించి తీసేస్తే రెండో రోజు వేలే చెబుతుంది.

నేను మొదట దారాన్ని బిగలాగేదాన్ని. కాకూ చూసి, "అంత గుంజకు పోరి, బొంత ముడుచుకుంటది" అని నా చేతిలోంచి సూది తీసుకుని చూపించింది. నాలుగు కుట్లు సూది మీదికి ఎక్కించుకుని, ఒకేసారి లాగి, లాగిన చోట బొటనవేలితో వెనక్కి ఒకసారి నిమిరింది. ఆ నిమరడంతో దారం గుడ్డలో సర్దుకుంటుంది. అప్పటి నుంచి నా బొంతలు ముడుచుకోలేదు.

ఎక్కడ ఆపినా దారం అయిపోయిన చోటే ఆపండి. సూదిని గుడ్డలో వదలొద్దు. పిల్లలున్న ఇల్లు, ఇవ్వాళ ఆపిన చోటే రేపు ఎవరో ఒకరు దొర్లుతారు. సూదులు లెక్కపెట్టి డబ్బాలో వేయండి. రోజుకు రెండు దారాలు కుడితే పిల్లల బొంత నెలన్నర పట్టొచ్చు. మిషను మీద కుట్టాలంటే 16 నంబర్ సూది వేసి, కుట్టు పొడవు పెంచి, మధ్య వరస నుంచి బయటికి రండి. త్వరగా అవుతుంది గానీ చేతి కుట్టంత మెత్తగా ఉండదు.

6. అంచు

దాచిన నాలుగు పీలికలు గుర్తున్నాయా? బొంత చుట్టుకొలత 162 ఇంచులు, పీలికలు కలిపితే 190 పైనే వస్తాయి. చీర అంచు నేత గట్టిది, ఎక్కువ రాపిడి పడే చోటుకు అదే సరి. రెండున్నర ఇంచుల వెడల్పుకు కత్తిరించి, సగానికి మడిచి, పైవైపు మిషను కుట్టు, అడుగు వైపు తిప్పి చేతి హెమ్మింగ్. మూలల దగ్గర మడత పెట్టి ఒక కుట్టు అదనంగా వేయండి.

7. ఉతకడం

మొదటిసారి విడిగా, చల్లటి నీళ్లలో. తడిస్తే బరువెక్కుతుంది, పిండొద్దు. చుట్టచుట్టి అదిమి నీళ్లు కార్చండి. దండెం మీద వేలాడదీస్తే బరువుకు సాగుతుంది, పిట్టగోడ మీద పరిచి, తిరగేస్తూ ఆరబెట్టండి. మేడ మీద ఇంకేం ఎండుతున్నాయో మాత్రం చూసుకోండి. మా ఊరు మిర్చికి పేరు. పక్క మేడ మీద మిరపకాయలు పోసిన సంగతి గమనించక మా పెద్దోడి బొంతను గోడ మీద వేశాను. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ తుమ్ములే. మళ్లీ రెండుసార్లు ఉతికితే గానీ ఘాటు పోలేదు.